ఇంటిపేరు ఒకటైతే తప్పు, వేరైతే తప్పు

మన ఇళ్ళలో ఆడపిల్లలు కొరియా సీరియళ్ళు చూస్తున్నారు. ఇషా నమాజు ముగిసి, భోజనాలై, పెద్దవాళ్ళు నడుం వాల్చిన తరువాత దుప్పటి చాటున ఫోను వెలుగులో చూస్తున్నారు. ఇది దాచుకోవలసిన రహస్యమూ కాదు, దాచినా దాగేదీ కాదు. కొందరు పెద్దలు దీనిని ఫిత్నా అంటున్నారు. కొందరు చూసీ చూడనట్లు ఊరుకుంటున్నారు. మేము ఈ రెండూ కాక మూడో పని చేశాం. పిల్లల పక్కన కూర్చుని ఒక సీరియల్ ఇరవై భాగాలనూ మొదటి నుంచి చివరి దాకా చూశాం. చూసిన తరువాత మాలో కలిగిన ఆలోచనలు ప్రేమ గురించినవి కావు. వివాహం విషయంలో ఎవరి మాట చెల్లాలి, రాజ్యానిదా, వంశానిదా, పెళ్ళాడే ఇద్దరిదా అన్నదే మమ్మల్ని వదలని ప్రశ్న.

ఆ సీరియల్ పేరు ‘రిప్లై 1988’. దక్షిణ కొరియాలో టివిఎన్ అనే కేబుల్ చానల్ 2015 నవంబరు నుంచి 2016 జనవరి వరకు దీనిని ప్రసారం చేసింది. దర్శకుడు షిన్ వన్‌హో, రచయిత్రి లీ వూజంగ్. సియోల్ నగరం ఉత్తరాన సాంగ్‌ముందోంగ్ అనే పేటలో ఒక ఇరుకు సందు, ఆ సందులో ఐదు కుటుంబాలు, ఆ ఐదిళ్ళలో పసితనం నుంచి కలిసి పెరిగిన ఐదుగురు పిల్లలు. నలుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. కథాకాలం 1988, అంటే సియోల్ ఒలింపిక్స్ జరిగిన సంవత్సరం.

మొదటి భాగంలోనే ఒక దృశ్యం ఉంది. రాత్రి భోజనాల వేళ ఒక తల్లి వండిన కూరను గిన్నెలో పోసి పిల్ల చేత పక్కింటికి పంపుతుంది. వెళ్ళిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి, ఈ ఇంటి నుంచి ఇంకో ఇంటికి పిల్లలు గిన్నెలు మోస్తూ సందులో ఎదురుపడుతూ ఉంటారు. చివరికి ప్రతి ఇంటి బల్లా నిండిపోతుంది. రంజాన్‌లో మగ్రిబ్ అజాన్‌కు ముందు పళ్ళెం మీద గుడ్డ కప్పి పరుగెత్తే మన గల్లీ పిల్లలను చూసినవారికి ఈ దృశ్యాన్ని వివరించనక్కర లేదు.

ఆడపిల్ల పేరు దొక్‌సన్. ముగ్గురు సంతానంలో నడిమిది. స్నేహితుడికి హామీ సంతకం పెట్టి అప్పుల్లో కూరుకుపోయిన బ్యాంకు ఉద్యోగి కూతురు. ఆ కుటుంబం మరో ఇంటి కింద, సగం నేలలోకి దిగిన వాటాలో అద్దెకుంటుంది. వేయించిన గుడ్డు అక్కకు, తమ్ముడికి దక్కుతుంది, దొక్‌సన్‌కు దక్కదు. పుట్టినరోజైనా అక్క కేకుతోనే సరిపెట్టుకోవాలి. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మడగాస్కర్ జట్టు ముందు ఫలకం పట్టుకుని నడవడానికి నెలల తరబడి అభ్యాసం చేస్తుంది, తీరా ఆ దేశం రావడం మానుకుంటుంది. చివరికి ఉగాండా ఫలకం ఆమె చేతికొస్తుంది. ఒక రాత్రి ఆమె దుఃఖం కట్టలు తెంచుకున్నప్పుడు తండ్రి సందు చివర కేకు కొని తెచ్చి కూతురి ముందు కూర్చుని, తండ్రిగా ఉండడం తనకూ కొత్తేనని చెప్పుకుంటాడు, క్షమించమంటాడు. మా పక్కన కూర్చున్న పిల్లలు ఆ దృశ్యం దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. అబ్బాజాన్ నోట క్షమాపణ విన్న ఆడపిల్లలు మనలో ఎంతమంది ఉంటారన్న ప్రశ్న మాకప్పుడు కలిగింది.

దొక్‌సన్ ఎవరిని పెళ్ళాడుతుందన్నదే సీరియల్‌లో కథను నడిపే చిక్కుముడి. పై వాటాలో ఉండే జంగ్‌హ్వాన్ ఆమెను మనసులో దాచుకుంటాడు, కాని నోరు విప్పడు. బాదుక్ ఆటలో దేశమంతా కీర్తించే టేక్ కూడా ఆమెనే కోరుకుంటాడు. ఒకనాటి సాయంత్రం జంగ్‌హ్వాన్ ఆమె కోసం బయలుదేరి దారిలో ఎర్రదీపాల దగ్గర ఆగి ఆలస్యమవుతాడు, టేక్ ఆట వదులుకుని ముందే చేరుకుంటాడు. ఆలస్యమైంది దీపాల వల్ల కాదు, తాను ఏళ్ళ తరబడి తటపటాయించడం వల్ల అని జంగ్‌హ్వాన్ గ్రహిస్తాడు. కొరియాలో ప్రేక్షకులు ఈ ఇద్దరిలో ఎవరి పక్షమంటూ చీలిపోయి వాదులాడుకున్నారట. మాకు అంత ఆసక్తి కలగలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ప్రస్తావించి ముందుకు సాగడం న్యాయం. యుక్తవయసు వచ్చిన మగపిల్లలూ ఆడపిల్లా ఒకే గదిలో రాత్రిళ్ళు సినిమాలు చూడడం, పెద్దలు నిత్యం మద్యం ముందు పెట్టుకుని కూర్చోవడం మన నడవడికి సరిపడవు. మహ్రమ్, నామహ్రమ్ అన్న విచక్షణ మనకుంది, దానిని వదులుకోమని మేము అనడం లేదు. అయితే సరిపడని వాటిని పక్కకు తీసిన తరువాత మిగిలేది కూడా చాలా ఉంది. ఆ మిగిలినదే మా విషయం.

దొక్‌సన్ అక్క బోరా. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ విద్యార్థిని. ప్రభుత్వ వ్యతిరేక ప్రదర్శనల్లో పాల్గొని పోలీసులకు దొరికిపోతుంది. ఆమె తల్లి వానలో నిలబడి పోలీసులను బతిమాలుతుంది. మన పాఠకుల్లో ఉద్యమకారులున్నారు, ఆ తల్లి నిలబడ్డ చోట నిలబడ్డ తల్లులూ ఉన్నారు. ఈ బోరాను అదే సందులోని సన్‌వూ ప్రేమిస్తాడు. అతడు ఆమె కంటె వయసులో చిన్నవాడు. (వధువు పెద్దదవడం మనకు అభ్యంతరం కాకూడదు, హజ్రత్ ఖదీజా (రజి) వృత్తాంతం ఎరిగిన వాళ్ళం.) సన్‌వూ తండ్రి లేని పిల్లవాడు, తల్లిని, చిన్న చెల్లెలిని కనిపెట్టుకుని ఉండేవాడు, చదువులో ముందుండేవాడు. ఇంతకంటె మంచి సంబంధం ఏముంటుంది? అయినా పెళ్ళి మాట వచ్చేసరికి పెద్దలు అడ్డం తిరుగుతారు. కారణం ఒక్కటే. బోరా ఇంటిపేరు సంగ్. సన్‌వూ ఇంటిపేరూ సంగ్. ఇద్దరి వంశమూలమూ ఒకటే.

ఇది ఇంటి పెద్దల పట్టింపు మాత్రమే అయితే మేము ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు. అది దేశ చట్టం. 1960 జనవరి 1న అమలులోకి వచ్చిన కొరియా పౌరస్మృతి 809వ అధికరణం ఒకే ఇంటిపేరు, ఒకే వంశస్థానం కలవారు వివాహం చేసుకోకూడదని శాసించింది. కొరియాలో ఇంటిపేర్లు కొద్ది. ప్రతి ఇంటిపేరుకూ మూలపురుషుడు వెలసిన ఊరు ఒకటి ఉంటుంది. గింహే ఊరి కిమ్ వంశీకులు ఒక్కరే నలభై లక్షలకు పైగా ఉన్నారు. సియోల్‌లో పుట్టిన అబ్బాయి, బూసాన్‌లో పుట్టిన అమ్మాయి, వారి మధ్య వేయి సంవత్సరాలుగా ఏ చుట్టరికమూ లేకపోయినా, ఇద్దరూ గింహే కిమ్‌లైతే చట్టం దృష్టిలో అన్నాచెల్లెళ్ళే. లెక్కించింది తండ్రి వంశాన్ని మాత్రమే. తల్లి రక్తానికి అక్కడ విలువ లేదు.

ఇది తరతరాల కొరియా సంస్కృతి అని కన్ఫ్యూషియస్ మతాచార పెద్దలు వాదించారు. కాని చరిత్ర వారి వాదనను పూర్తిగా సమర్థించదు. జోసోన్ రాజ్యానికి ముందున్న గోర్యో రాజుల కాలంలో దగ్గరి రక్తసంబంధీకుల మధ్య కూడా వివాహాలు జరిగేవి, రాజవంశంలోనే జరిగేవి. జోసోన్ కాలంలో పై తరగతి కుటుంబాలు చైనా నుంచి స్వీకరించిన నియమం క్రమంగా సమాజం మీద పరచుకుంది. ఆ నియమం పుట్టిన చైనాయే 20వ శతాబ్దం తొలి భాగంలో దానిని చట్టం నుంచి తీసివేసింది. దక్షిణ కొరియా మాత్రం స్వతంత్ర గణతంత్రమైన తరువాత, ఆధునిక పౌరస్మృతి రాసుకుంటూ దానిని అందులో చేర్చుకుంది. ఒక వర్గపు ఆచారం ఆ విధంగా అందరి చట్టమైంది.

ఫలితం ఊహించడం కష్టం కాదు. ప్రేమించుకున్నవాళ్ళు విడిపోలేదు, చట్టం వెలుపల కాపురాలు పెట్టారు. వారి వివాహానికి నమోదు లేదు. వారికి పుట్టిన పిల్లలు చట్టం దృష్టిలో వివాహేతర సంతానం. దేశం వదిలి వెళ్ళినవాళ్ళున్నారు, ప్రాణం తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ప్రభుత్వానికే ఇబ్బంది తోచి 1978లో, 1988లో, 1996లో ఒక్కొక్క సంవత్సరం పాటు తాత్కాలిక చట్టాలు చేసి, అటువంటి జంటలను నమోదు చేసుకోమంది. పదుల వేల జంటలు వరుసలో నిలబడ్డాయి. తప్పు అని తానే రాసుకుని, పది సంవత్సరాలకొకసారి తలుపు తెరిచి మన్నించే రాజ్యాన్ని ఏమనాలి? సీరియల్‌లో బోరా పెళ్ళి 1990ల మధ్యలో జరుగుతుంది, అప్పటికి ఆ చట్టం ఇంకా బతికే ఉంది. పెళ్ళిరోజున తండ్రి కాళ్ళకు పెద్దవైన బూట్లు వేసుకుని వస్తాడు. కూతురు కొనిచ్చిన బూట్లవి, లోపల కాగితం కుక్కుకుని ఆయన నడిచాడని ఆమెకు తరువాత తెలుస్తుంది. ఆ తండ్రి మంచివాడు కాబట్టి ఆ పెళ్ళి జరిగింది. కాని హక్కు అన్నది తండ్రి మంచితనం మీద ఆధారపడకూడదు కదా.

1997 జూలై 16న కొరియా రాజ్యాంగ న్యాయస్థానం 809వ అధికరణంలోని ఆ నిషేధం రాజ్యాంగానికి సరిపడదని తీర్పు చెప్పింది. మానవ గౌరవానికి, ఆనందాన్ని వెతుక్కునే హక్కుకు, స్త్రీపురుష సమానత్వానికి అది విరుద్ధమన్నది. 1999 ఆరంభానికి ఆ నిషేధం చెల్లకుండా పోయింది. పార్లమెంటు దానిని అక్షరరూపంలో సవరించడానికి 2005 దాకా సమయం తీసుకుంది. మమ్మల్ని ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ న్యాయస్థానం పని ప్రారంభించింది 1988 సెప్టెంబరులో, సరిగ్గా ఒలింపిక్స్ నెలలో. 1987లో విద్యార్థులూ కార్మికులూ వీధుల్లోకి వచ్చి సాధించుకున్న కొత్త రాజ్యాంగం నుంచి అది పుట్టింది. అంటే బోరా వంటి విద్యార్థులు తెచ్చుకున్న రాజ్యాంగమే బోరా వంటి వధువులకు దారి ఇచ్చింది. సీరియల్ రచయిత్రి ఈ మాట ఎక్కడా పైకి చెప్పలేదు, మేము చెబుతున్నాం.

ఎవరు ఎవరికి బంధువు, ఎవరు ఎవరికి నిషిద్ధం అన్న లెక్క ప్రతి సమాజంలోనూ ఉంది, ప్రతి సమాజంలోనూ వేరు. ఉత్తరాదిలో సగోత్రం నిషిద్ధం. 1946లోనే చట్టం సగోత్ర వివాహాలను చెల్లుబాటు చేసినా, 2007లో హర్యానాలో మనోజ్, బబ్లీ అనే జంటను ఆ పేరు మీదనే చంపివేశారు. తెలుగునాట మేనమామ కూతురు, మేనత్త కొడుకు సహజమైన సంబంధం. 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ళ పిల్లలను నిషిద్ధుల జాబితాలో చేర్చి, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది కాబట్టి మన బావామరదళ్ళ పెళ్ళిళ్ళు నిలుస్తున్నాయి. ఇస్లాంలో సూరె నిసా 23వ ఆయత్ నిషిద్ధులెవరో పేర్కొంది. అందులో పాలు పంచుకున్న అక్కచెల్లెళ్ళున్నారు, చాచా కూతురు, ఖాలా కూతురు లేరు. సాంగ్‌ముందోంగ్ సందులో ఒకే తల్లి పాలు తాగిన పసివాళ్ళుంటే మన షరీఅత్ ప్రకారం వాళ్ళు పెళ్ళాడరాదు, కొరియా చట్టానికి అది పట్టదు. ఒకరికి పవిత్రమైన గీత మరొకరికి కనిపించను కూడా కనిపించదు.

అందుకే ఉమ్మడి పౌరస్మృతి మాట విన్నప్పుడల్లా మాకు ఆ 809వ అధికరణం గుర్తుకు వస్తోంది. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి అమలవుతున్న స్మృతి నిషిద్ధ బంధువుల జాబితాలో చాచా, ఖాలా, మామూ, ఫుప్ఫూ పిల్లలను చేర్చింది. ఆచారం అనుమతిస్తే మినహాయింపు ఉందన్న మాట నిజమే. అయితే ఆ ఆచారం ప్రజానీతికి, నైతికతకు విరుద్ధం కాకూడదట. ఎవరి నైతికత? కొలిచేదెవరు? అదే స్మృతి షెడ్యూల్డు తెగల ఆచారాలను మాత్రం పూర్తిగా వదిలిపెట్టింది. మేము దానిని తప్పుపట్టడం లేదు, ఆదివాసుల ఆచారాలు వారివే. ఒకరి ఆచారం గౌరవించదగినదైనప్పుడు మరొకరిది రుజువు చేసుకోవలసినది ఎందుకైందని అడుగుతున్నాం. మరో మాట కూడా స్పష్టం చేయాలి. దగ్గరి బంధువుల మధ్య వరుసగా తరాల తరబడి పెళ్ళిళ్ళు జరిగితే సంతానానికి జన్యువ్యాధుల ముప్పు పెరుగుతుందని వైద్యులు చెబుతున్నారు, ఆ మాట మన ఇళ్ళలో వినాలి, ఆచరించాలి. వైద్యుడి సలహా వేరు, పోలీసు నిషేధం వేరు.

రాజ్యాన్ని ఇంత గట్టిగా అడుగుతున్న మనం మన వీధిలోకి తిరిగి చూసుకోక తప్పదు. కొరియాలో ఇంటిపేరు ఒకటైతే తప్పు. మనలో వేరైతే తప్పు. ఒకే వీధిలో ఒకే మస్జిద్ నీడలో పెరిగి, ఒకే మదరసాలో యస్సర్నల్ ఖుర్ఆన్ చదువుకున్న షేక్ ఇంటి అబ్బాయికి, నూర్‌బాషా ఇంటి అమ్మాయికి సంబంధం మాట్లాడి చూడండి. వాళ్ళకు ఉర్దూ రాదంటారు. దూదేకులవాళ్ళంటారు. నమాజు సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడినవాళ్ళే రిజర్వేషన్ జాబితా తీసి, వాళ్ళు బి.సి.-బి, మనం బి.సి.-ఇ అని గుర్తు చేస్తారు. సయ్యద్ కుటుంబాల సంగతి చెప్పనే అక్కర లేదు, అక్కడ ఇంకా పై మెట్లున్నాయి. ఈ నిషేధం ఏ ఆయత్‌లో ఉందో మాకు చూపినవారు లేరు. హర్యానా పంచాయతీలను ఖండించే సభల్లో మనం ముందు వరుసలో కూర్చుంటాం, బిరాదరీ సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మన నోటి నుంచీ అదే భాష వస్తుంది.

అమ్మాయి అంగీకారం సంగతి ఇంకా బాధాకరం. కేరళలో హాదియా వివాహాన్ని 2017లో హైకోర్టు రద్దు చేసి ఆమెను తల్లిదండ్రుల ఇంటికి పంపినప్పుడు మనమంతా ఆమె పక్షాన నిలిచాం. వయసు వచ్చిన స్త్రీ తన భర్తను తానే ఎంచుకోగలదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ వివాహాన్ని నిలబెట్టినప్పుడు సంతోషించాం. ఉత్తరప్రదేశ్ 2021 మతమార్పిడి చట్టం మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలంటే అది ప్రేమ మీద కాపలా అన్నాం. అన్నమాట సరైనదే. కాని మన ఇంటి హాదియా తన ఇష్టం ఇదని నోరు తెరిస్తే ఎన్ని ఇళ్ళలో ఫోను లాక్కోకుండా, చదువు మానిపించకుండా వింటున్నాం?

కన్య మౌనమే ఆమె అంగీకారమన్న హదీసును మనవాళ్ళు కంఠతా పట్టారు. సిగ్గు వల్ల కలిగే మౌనానికి, భయం వల్ల కలిగే మౌనానికి ఉన్న తేడాను పట్టించుకోలేదు. ఖన్సా బింత్ ఖిదామ్ (రజి) తండ్రి తనకిష్టం లేని వివాహం చేశాడని దైవప్రవక్త (స) సన్నిధిలో ఫిర్యాదు చేసినప్పుడు ఆయన ఆ నికాహ్‌ను రద్దు చేశారు. బరీరా (రజి) వృత్తాంతం ఇంకా విశేషమైనది. బానిసత్వం నుంచి విముక్తి పొందిన ఆమె భర్త ముగీస్‌తో ఉండడానికి ఇష్టపడలేదు. అతడు మదీనా వీధుల్లో ఆమె వెంట ఏడుస్తూ తిరిగేవాడు. ప్రవక్త (స) జాలిపడి తిరిగి స్వీకరించమని ఆమెకు చెప్పారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే అతడి అవసరం నాకు లేదన్నది. ఆయన ఇక ఒత్తిడి చేయలేదు. ప్రవక్త (స) సిఫారసునే మర్యాదగా కాదనగలిగిన స్త్రీ మన చరిత్రలో ఉండగా, మామూ తెచ్చిన సంబంధాన్ని కాదన్న అమ్మాయి బేఅదబ్ ఎలా అవుతుంది?

మన నికాహ్‌లలో జరిగేది ఇది. బయట షామియానాలో అందరూ ఎదురుచూస్తుంటారు, వంట సిద్ధంగా ఉంటుంది. వకీలు, ఇద్దరు సాక్షులు వధువు గదికి వెళతారు. గది నిండా ఆడవాళ్ళు. ఎర్ర దుపట్టా కింద తల వంచుకున్న పిల్లను మూడుసార్లు అడుగుతారు. ఆమె వెనుక కూర్చున్న ఖాలా భుజం నొక్కుతుంది. ‘ఖుబూల్ హై’ అన్నది ఎవరి గొంతో కూడా సరిగ్గా తెలియదు. ఆ క్షణంలో కాదనగల అమ్మాయి ఎక్కడైనా ఉంటుందా? సంతకం అయిపోతుంది.

కాబట్టి మస్జిద్ కమిటీలకు, ఖాజీలకు మా విన్నపం ఒకటి. నికాహ్ తేదీకి కనీసం ఒక వారం ముందు, వధువు కుటుంబానికి చెందని, నమ్మకస్థురాలైన ఒక విద్యావంతురాలు వధువుతో ఒంటరిగా మాట్లాడే ఏర్పాటు చేయండి. ఆమెకు ఇష్టమేనా, మెహర్ ఎంతో తెలుసా, చదువు కొనసాగించే మాట మాట్లాడుకున్నారా అని అడిగి రాసుకోండి. కాదన్న పక్షంలో ఆ మాటను తండ్రికి చెప్పే బాధ్యత కమిటీ తీసుకోవాలి, పిల్ల మీద వేయకూడదు. దీనికి ఖర్చు లేదు, కొత్త చట్టం అక్కర లేదు, ప్రభుత్వ అనుమతి అవసరం లేదు. షవ్వాల్ నెల వస్తే మన వీధుల్లో నికాహ్‌లు వరుసగా ఉంటాయి. అప్పటిలోగా ప్రతి మొహల్లాలో ఒక జుమా తరువాత ఈ విషయాన్ని చర్చకు పెట్టాలని, ఆ చర్చలో ఆడవాళ్ళను కూడా కూర్చోబెట్టాలని కోరుతున్నాం.